ప్రార్థనలో నిద్రపోయే పిల్ల

"ఆరేళ్లు నిండిన పిల్లని పట్టుకుని చంటిది అంటావేంటక్కా? నా కళ్లేమన్నా పోయాయనుకున్నావా?"

ఫువాతినో తలెత్తలేదు. వంటపాక ముందు కూర్చుని పచ్చి అరటికాయలు చెక్కు తీస్తోంది. జిగురంటుకుని వేళ్లు నల్లబడ్డాయి. తీసిన కాయని నీళ్లగిన్నెలో వేసి ఇంకో కాయ అందుకుంది.

"నిన్నే అక్కా."

"వినబడుతోంది. నిన్న బస్సు దిగిన దగ్గర్నించీ ఇదేగా వింటున్నా."

"విని ఏం లాభం? జవాబు రావటం లేదు."

మాకెరిటా నిలబడే ఉంది. ఆమె చేతిలో చిన్న తెల్ల గౌను. వచ్చే ఆదివారం తెల్లబట్టల ఆదివారం. ఆ రోజు చర్చిలో పెద్దవాళ్లంతా వెనక్కి జరుగుతారు. పిల్లలు తెల్లబట్టలేసుకుని ముందుకొచ్చి ఒక్కొక్కరూ తమ వాక్యం చెబుతారు. ఆ గౌను మాకెరిటా తన చేత్తో కుట్టుకుని, సవాయి దీవి ఆ చివర వైమాలు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. తీరా వచ్చాక, పిల్ల ఈ ఏడూ ముందుకి రావటం లేదన్నారు. పాస్టరు అయ్యగారి బడికే ఇంకా పంపలేదన్నారు.

"పిల్ల నిలబడుతుందేమో చూద్దామని ఏటేటా వస్తున్నా. వెనక బెంచీలో కూర్చుంటున్నా. మెడ సాచి చూస్తున్నా. మన వీధిలో పిల్లలందరూ లేచి చెప్పేసి కూర్చుంటారు. నా సియేనీ మాత్రం నీ ఒళ్లో ఉంటుంది."

'నా సియేనీ' అన్న మాట దగ్గర ఫువాతినో చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"దానికి ఇంకా నిలకడ రాలేదు మాకెరిటా. ప్రార్థన మొదలైతే చాలు, నిద్రపోతుంది. నిద్రపోయే పిల్లని బడికెలా పంపను? అయ్యగారు ఏమనుకుంటారు?"

"అయ్యగారు ఏమీ అనుకోరు. నువ్వే వద్దనుకుంటున్నావు."

ఇంటి ముందు అరుగు మీద ముసలి ఇయానెటా చాప అల్లటానికి మొగలాకు చీలికలు సాఫు చేసుకుంటోంది. ఈ ఇద్దరి తల్లి. నోట్లో అరిటాకు చుట్ట ఉంది. చుట్ట ఆరిపోయి చాలాసేపయింది. అయినా తియ్యలేదు. తీస్తే తానూ మాట్లాడాల్సి వస్తుంది.

"అమ్మా, నువ్వు చెప్పు," అంది మాకెరిటా అటు తిరిగి. "ఆరోజు నువ్వన్న మాట నువ్వే చెప్పు."

ఇయానెటా ఆకు చీలికని వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"నువ్వు చెప్పవులే. నేను చెబుతా. అప్పుడు నాకు మొగుడు లేడు, కొంప లేదు, పద్దెనిమిది నిండలేదు. అక్క కడుపున పుట్టిన బిడ్డ మన వాకిట్లోనే మట్టిలో ఉంది. నువ్వు నా బిడ్డని తీసి అక్క ఒళ్లో పెట్టావు. 'ఇది అయ్యగారి బడికి వెళ్లేదాకా అక్క బిడ్డ. బళ్లో కూర్చున్న నాటినుంచీ నీ బిడ్డ. అప్పటికి నీకో ఇల్లు ఏర్పడుతుంది' అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను," అంది ముసలిది, చుట్ట పక్కనుంచి.

"అక్కేం చేసింది?"

ఫువాతినో ఇంకో కాయ చెక్కు తీసింది.

"తలూపింది. నేను చూశాను. ఖాళీ ఒడితో కూర్చుని చూశాను."

ఫువాతినో గిన్నె ఎత్తుకుని వంటపాకలోకి వెళ్లిపోయింది. పొయ్యిలో కొబ్బరి పీచు వేసి ఊదింది. పొగ లేచింది. పొగ వంకన కళ్లు తుడుచుకోవచ్చు.

*

ఎండ తగ్గుతుండగా పాస్టరమ్మగారు వచ్చింది. చేతిలో తాటాకు విసనకర్ర, వెనకాలే రెండు కుక్కలు. ఊళ్లో ఆమెని అందరూ అమ్మగారు అనే పిలుస్తారు. లావుపాటి మనిషి. ఏ ఇంటికెళ్లినా ముందు నవ్వు వెళుతుంది, తర్వాత ఆమె వెళుతుంది.

"ఫువాతినో, చిన్నపిల్లల వరసలో ఎవరు ముందు నిలబడాలో తేల్చావా? లోసివాలె మనవడు మొదట నిలబడతానని ఏడుస్తున్నాడట. వాడికొచ్చేది మూడు మాటలు. అవీ వాళ్ల నాయనమ్మ వెనకాల నిలబడి గిల్లితే వస్తాయి."

"వాణ్ణే ముందు పెడదాం అమ్మగారూ. మర్చిపోయేలోపల చెప్పించేద్దాం."

అమ్మగారు పకపకా నవ్వి చాప మీద కూలబడింది. మాకెరిటా వంగి నమస్కరించి, కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చింది. అమ్మగారు సగం తాగి, మూతి తుడుచుకుంది.

"మీ అక్క లేకపోతే మా బడి ఈపాటికి కోళ్లగూడు అయ్యేదే. చిన్నపిల్లల చాప మొత్తం ఆమెదే. ఎవరింట్లో పిల్ల పుట్టినా బారసాల నాడే వెళ్లి ఎప్పుడు పంపిస్తారని అడుగుతుంది."

"అవునా," అంది మాకెరిటా. గొంతు మెల్లగా ఉంది. "అయితే అమ్మగారూ, అడుగుతానని ఏమనుకోకండి. పిల్లల్ని ఏ వయసులో మొదలుపెట్టాలి?"

"నన్నడుగుతావేం, ఎదురుగా మేస్టరమ్మని పెట్టుకుని? నిరుడు లోసివాలె కోడలు, పిల్లకి ఇంకా మూడేళ్లే, ఆగుదాం అంటే, మీ అక్క ఆ గుమ్మంలోంచి కదల్లేదు. 'అమ్మ అని పిలవటం వచ్చిన నోటికి దేవుడి పేరు పలకటం కష్టమా? ఆలస్యం చేసిన ప్రతి రోజూ పిల్ల దగ్గర దొంగిలించినట్టే' అంది. లోసివాలె కోడలు సిగ్గుపడి అప్పటికప్పుడే జడేసి పంపింది."

ఫువాతినో లేచి, అవసరం లేకపోయినా తడకలు సర్దింది. కట్టిన ముడే విప్పి మళ్లీ కట్టింది.

"ఆలస్యం చేసిన ప్రతి రోజూ దొంగతనమా," అంది మాకెరిటా. "మంచి మాట."

అమ్మగారు ఒకసారి అక్కని చూసింది, ఒకసారి చెల్లెల్ని చూసింది. నవ్వు కొంచెం కొంచెంగా మొహంలోంచి దిగింది. ఊళ్లో వయసులకి లెక్క లేదు. శంఖం ఊదాక ఇంట్లో జరిగే సాయంత్రపు ప్రార్థన మొదటినుంచి చివరిదాకా, కాళ్లు చాపకుండా కునుకు తియ్యకుండా కూర్చోగలిగితే ఆ పిల్ల బడికి ఎదిగినట్టే. కొందరు నాలుగో ఏటే కూర్చుంటారు, కొందరికి అయిదు దాటుతుంది. సియేనీ ఇంకా కూర్చోలేదు. ఊరంతా దాన్ని వేళాకోళం చేస్తూనే ఉంది. అమ్మగారూ చేసింది, చాలాసార్లు. ఇప్పుడు ఆ వేళాకోళం గొంతులో ఇరుక్కుంది.

వంటపాక వెనకనుంచి సన్నగా గొంతు వినిపించింది.

మాకెరిటా లేచి అటు నడిచింది. వెళ్లినదల్లా మూలన ఆగిపోయింది.

సియేనీ నేలమీద కొబ్బరిచిప్పలు వరసగా పేర్చింది. తాను ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. లుంగీ మోకాళ్ల మీదకి సర్దుకుంది, అచ్చం ఫువాతినో సర్దుకున్నట్టే. ఒక చిప్ప ముందు వేలు పెట్టి ఆ వరసలో మొదటి పిల్లాడి వాక్యం చెప్పింది. రెండో చిప్ప దగ్గరికి జరిగి రెండో వాక్యం చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఒక చిప్పని మాత్రం కోప్పడింది: "ఏరా, నాయనమ్మ గిల్లితేగానీ రాదా?" ఒక పందిపిల్ల వచ్చి చివరి చిప్పని మూతితో తోసేస్తే, దాన్ని ఒళ్లోకి లాక్కుని, "నువ్వింకా చంటిదానివి, పడుకో," అని దాని తల నిమిరింది.

మాకెరిటా వెనక్కి వచ్చేసరికి అమ్మగారు వెళ్లిపోయింది. సగం తాగిన బోండాం చాప పక్కన ఉంది.

"దానికి అన్నీ వచ్చక్కా. అందరి వాక్యాలూ వచ్చు."

"విని పట్టుకుంది. అర్థం తెలిసి కాదు."

"నీ చాప మీద కూర్చునే వాళ్లందరికీ అర్థాలు తెలుసా?"

ఫువాతినో ఆ బోండాం తీసి గుంజ పక్కన పెట్టింది.

"మా ఆయన దోమతెర కొన్నాడు," అంది మాకెరిటా. ఈసారి గొంతులో వేడి లేదు. "చిన్నది. పిల్లల సైజు. మా మంచం పక్కనే కట్టాడు. నేను వద్దన్నా కట్టాడు. పొద్దున్నే దాన్ని దులిపి, మళ్లీ దించుతాడు. దాని కింద ఇంతవరకూ ఎవరూ పడుకోలేదు."

*

ఫువాతినో మొగుడు లౌతేలే తోటనుంచి వచ్చేసరికి పొద్దు వాలింది. కావడి దించి చేమదుంపల మట్టి దులుపుతూ, వాకిట్లో చిన్న సమాధి మీద కూర్చున్న భార్యని చూశాడు. తెల్లసున్నం వేసిన ఆ దిమ్మ మీద ఇంట్లో వాళ్లు కూర్చుంటారు, బట్టలు ఆరేస్తారు. ఫువాతినో మాత్రం ఎప్పుడూ కూర్చోదు. ఈరోజు కూర్చుంది.

అతను వచ్చి పక్కన నేలమీద కూర్చున్నాడు. సంఘంలో పెద్ద. సభలో అతను లేస్తే జనం సర్దుకుంటారు. ఇంట్లో మాత్రం మాట పొదుపు.

"ఏమంటోంది?"

"ఏమంటుంది. ఉన్నదే అంటోంది."

అతను చేతి గోళ్లలో మట్టి తీసుకున్నాడు.

"ఈ ఒక్క ఏడాదీ," అంది ఫువాతినో. "ఈ పండక్కి ఆగితే చాలు. తర్వాత నేనే పంపిస్తా."

"పోయినేడూ ఇదే అన్నావు."

"పోయినేడు దానికి దగ్గు."

"అంతకు ముందేడు?"

ఆమె ఒళ్లో పడ్డ ఎండుటాకు తీసి పారేసింది.

"నేనేం అనలేదు ఫువాతినో. నాకూ ఇష్టమేగా. పొద్దున్నే నేను లేచేసరికి అది నా గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది, తోటకి నేనూ వస్తానని. అది లేకపోతే..." అతను ఆగాడు. "కానీ చర్చిలో చందా పళ్లెం పట్టుకుని తిరుగుతుంటే, ఈమధ్య నాకు మొహం ఎత్తబుద్ధి కావటం లేదు. ఊళ్లో పిల్లలందర్నీ దేవుడి దగ్గరికి తోలుతున్నాం. మన పిల్లని మాత్రం దేవుడి కంట పడకుండా దాస్తున్నాం."

"దేవుడికి తెలీదా నేనెందుకు దాస్తున్నానో?"

"తెలిసే ఉంటుంది. అందుకే భయం."

ఆమె సున్నం దిమ్మని అరచేత్తో రాసింది. ఎండకి ఇంకా వెచ్చగా ఉంది.

"ఒకదాన్ని ఇచ్చేశాను కదా," అంది. "నన్నడక్కుండానే తీసుకున్నాడు కదా. ఇంకోదాన్ని కూడా నేనే జడేసి, చెయ్యి పట్టుకుని, తీసుకెళ్లి ఇవ్వాలా?"

లౌతేలే లేచి, కావడి ఎత్తుకున్నాడు.

*

రోడ్డు మీద శంఖం ఊదారు.

ఊరు ఒక్కసారిగా అణిగింది. బంతాట ఆడేవాళ్లు ఆగారు. లుంగీలు బిగించిన యువకులు రోడ్డు వారన వరసగా నిలబడ్డారు, ప్రార్థన అయ్యేదాకా ఎవరూ తిరక్కుండా. ఇంటింటా పెట్రోమాక్స్ దీపాలు వెలిగాయి.

ఇయానెటా నడిమి గుంజకి ఆనుకుని కూర్చుంది. అటు లౌతేలే, ఇటు మాకెరిటా. ఫువాతినో కొంచెం వెనగ్గా, దీపం వెలుగు తగ్గే చోట కూర్చుంది. సియేనీ ఎప్పటిలాగే వచ్చి ఆమె ఒళ్లో తలపెట్టుకుంది.

ఇయానెటా పాట ఎత్తబోయి ఆగింది.

"పిల్లని లేపు."

"నిద్రపోయిందమ్మా," అంది ఫువాతినో.

"పాటే ఇంకా మొదలుపెట్టలేదు. అప్పుడే నిద్రేంటి?"

"అలిసిపోయింది. పొద్దస్తమానూ ఆడింది."

ఫువాతినో చెయ్యి పిల్ల భుజం మీద మెల్లగా తడుతోంది. తడుతున్నట్టు ఆమెకే తెలీదు. మాకెరిటా ఆ చేతినే చూస్తోంది.

"సియేనీ," అంది ముసలిది.

"ఊఁ," అంది పిల్ల, కళ్లు తెరవకుండానే.

"నిద్రపోతున్నావా?"

"లేదమ్మమ్మా. నిద్ర రాలేదు."

"రాకపోతే కళ్లెందుకు మూసుకున్నావు?"

పిల్ల కళ్లు తెరిచింది. దీపం మీద పురుగులు తిరుగుతున్నాయి. కాసేపు వాటిని చూసింది.

"ప్రార్థనప్పుడు నేను ఇలాగే ఉంటాను కదా."

"నిద్రపొమ్మని అమ్మ చెప్పిందా?"

ఈ మాట మాకెరిటా అడిగింది. అడిగిన వెంటనే పెదవి కొరుక్కుంది.

"అమ్మ చెప్పలేదు పిన్నీ," అంది సియేనీ. "మామిడిపళ్లప్పుడు ఒకసారి నేను చివరిదాకా కూర్చున్నాను. కాళ్లు చాపలేదు. పాటలన్నీ పాడాను. అమ్మ చూసింది. తర్వాత వంటపాకలోకెళ్లి ఏడ్చింది. నేను వెనకనుంచి చూశాను." పిల్ల తల కొంచెం పైకెత్తి ఫువాతినో మొహం చూడబోయింది. చీకట్లో కనిపించలేదు. "నేను కూర్చుంటే అమ్మకి ఏడుపొస్తుంది. అందుకని పడుకుంటాను."

భుజం మీద చెయ్యి ఆగిపోయింది.

పక్కింట్లో పాట మొదలైంది. ఆ వెనకింట్లోనూ ఎత్తుకున్నారు. ఈ ఇంట్లో మాత్రం ఎవరూ కదల్లేదు. లౌతేలే తన మోకాళ్ల వంక చూసుకుంటున్నాడు. మాకెరిటా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. పొద్దున్నించీ తాను గెలవాలని వెతికిన మాట ఇదే. దొరికాక చేతిలో పట్టుకోలేకపోయింది.

"లేచి కూర్చో తల్లీ," అంది ఇయానెటా.

సియేనీ లేవలేదు. ఫువాతినో వంకే చూస్తోంది.

ముసలిది రెండోసారి చెప్పలేదు. ఎవరి మాట కోసం పిల్ల ఆగిందో అందరికీ తెలుస్తూనే ఉంది.

చాలాసేపటికి ఫువాతినో పిల్ల చంకల కింద చేతులు పెట్టి లేపింది. చాప మీద తన పక్కన కూర్చోబెట్టింది. లుంగీ మోకాళ్ల మీదకి సర్దింది.

"కూర్చో," అంది. "నేనేడవను."

ఇయానెటా పాట ఎత్తింది. ఆ సాయంత్రం ముసలిది ప్రార్థన పొడుగ్గా చేసింది. పోయినవాళ్లని, ఉన్నవాళ్లని, పడవల్లో ఉన్నవాళ్లని, పేరు పేరునా తలచుకుంది. ఇద్దరు కూతుళ్ల పేర్లు చెప్పేటప్పుడు ఏది ముందు చెప్పాలో తేలక రెండుసార్లు మొదలుపెట్టింది. సియేనీ నిటారుగా కూర్చుంది. పాదం మీద దోమ వాలితే వేలితో మెల్లగా తోసింది తప్ప కాలు కదపలేదు. నడుమనడుమ పక్కకి తిరిగి, అమ్మ మొహం పొడిగానే ఉందో లేదో చూసుకుంది.

ఆమేన్ అనేది అందరికన్నా గట్టిగా అంది.

*

అన్నాలప్పుడు కొబ్బరిపాలల్లో ఉడికిన అరటికాయలు అలాగే మిగిలాయి. సియేనీ ఒక్కతే రెండోసారి వేయించుకుంది.

గిన్నెలు కడిగే చోటికి మాకెరిటా వచ్చింది. అక్క పక్కన కూర్చుని ఒక గిన్నె అందుకుంది. ఇద్దరూ బూడిదతో తోముతున్నారు.

"దాన్ని నేనలా అడక్కుండా ఉండాల్సింది," అంది మాకెరిటా.

"నువ్వడక్కపోతే ఇంకొకరు అడిగేవాళ్లు."

"నా మీద కోపమా?"

"కోపం వస్తే బాగుండు. ఏదో ఒకటి పట్టుకుని నిలబడేదాన్ని." ఫువాతినో గిన్నె బోర్లించింది. "నేను ఏడవటం అది చూసిందని నాకు తెలీదు మాకెరిటా. అప్పట్నించీ రోజూ నా కోసం కళ్లు మూసుకుంది. నేను దాన్ని జోకొడుతున్నానని అనుకున్నా. అదే నన్ను జోకొడుతోంది."

మాకెరిటా ఏదో అనబోయింది. 'ఈ ఏడాదికి ఉంచుకో అక్కా' అనే మాట నాలుక చివరికి వచ్చినట్టే ఉంది. ఆమె కళ్ల ముందు దోమతెర కదిలిందో ఏమో, రాలేదు. నీళ్లు తెస్తానని బిందె తీసుకుని లేచింది.

"రేపు మధ్యాహ్నం బడి ఉంది," అంది ఫువాతినో, ఆమె వీపు వంక చూస్తూ. "నేను ముందుగా వెళ్లి చాపలు వెయ్యాలి. నువ్వు తీసుకురా."

బిందె పట్టుకున్న చెయ్యి ఆగింది.

"నేనా?"

"కొత్త పిల్లని ఇంటివాళ్లు తెచ్చి దిగబెట్టాలి. నేను చాప మీద ఉండాలి. రెండు చోట్లా నేనుండలేను."

*

మర్నాడు ఫువాతినో పిల్లకి స్నానం చేయించింది. తలకి కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు అల్లింది. అల్లినవి విప్పి, మళ్లీ అల్లింది.

"నొప్పమ్మా," అంది సియేనీ.

"అయిపోయింది."

"బళ్లో నువ్వు నా పక్కనే కూర్చుంటావా?"

"ఎదురుగా కూర్చుంటా. మేస్టరమ్మని కదా."

"మరి నిన్ను ఏమని పిలవాలి?"

ఫువాతినో జడ కొస రిబ్బను బిగించింది. లేచి, చాపల కట్ట భుజానికెత్తుకుని పాస్టరుగారి ఇంటికి వెళ్లిపోయింది.

పాస్టరుగారి ఇంటి తడకలన్నీ ఎత్తి కట్టి ఉన్నాయి. రోడ్డు మీద పోయేవాళ్లకి లోపల జరిగేది కనబడుతుంది, వినబడుతుంది. పెద్దపిల్లలు అయ్యగారి దగ్గర, నడిమివాళ్లు అమ్మగారి దగ్గర, చిన్నవాళ్లు వాకిలివైపు చాప మీద. పండగ దగ్గరపడిందని తల్లులు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. లోసివాలె మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వాడు అప్పుడే ఏడుస్తున్నాడు.

మాకెరిటా సియేనీ చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. మాటలు ఆగిపోయాయి. ఇయానెటా ఇచ్చిన మాట ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

"అబ్బో, నిద్రముఖం వచ్చిందే," అంది లోసివాలె. ఎవరూ నవ్వకపోయేసరికి మనవడి ముక్కు తుడుస్తూ కూర్చుంది.

సియేనీ చాప అంచు దగ్గరికి వచ్చి నిలబడింది. కొత్తగా వచ్చిన పిల్ల అక్కడే ఆగాలి. మేస్టరమ్మ అడగాలి. నీ పేరేంటి, నువ్వెవరి బిడ్డవు అని. పిల్ల అందరికీ వినబడేలా చెప్పాకే చాప మీద కాలు పెట్టనిస్తారు. ఒకసారి అక్కడ చెప్పిన తల్లి పేరుతోనే తెల్లబట్టల ఆదివారం నాడు చర్చిలో పిలుస్తారు. పెళ్లిలోనూ ఆ పేరుతోనే పిలుస్తారు.

అమ్మగారు తన పిల్లల్ని వదిలి గబగబా వచ్చింది. ఫువాతినో దగ్గర వంగి గొంతు తగ్గించింది.

"ఈ ఒక్కదాన్నీ నేను అడుగుతాలే. నువ్వు లోపలికెళ్లి కాసిని నీళ్లు తాగిరా."

"వద్దమ్మగారూ."

"మాట విను ఫువాతినో. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఊళ్లో ఇంతమంది పిల్లల్ని అడిగాను. ఏ తల్లికీ నీళ్లు తాగిరమ్మని చెప్పలేదు." ఆమె తన లుంగీ మోకాళ్ల మీదకి సర్దుకుంది. "నేనే అడగాలి."

అమ్మగారు పక్కకి తప్పుకుంది. అయ్యగారు కూడా అటువైపు పాఠం ఆపారు.

"నీ పేరేంటమ్మా?" అంది ఫువాతినో.

సియేనీకి నవ్వొచ్చింది. చేత్తో మూతి మూసుకుంది. అమ్మ ఆడుతోందనుకుంది.

"నీకు తెలీదా?"

పిల్లలు కిలకిలమన్నారు. ఫువాతినో నవ్వలేదు. పిల్ల ఆ మొహం చూసి నవ్వు మింగేసింది.

"సియేనీ," అంది.

"నువ్వెవరి బిడ్డవు?"

సియేనీ నోరు తెరిచి ఊరుకుంది. వెనక్కి తిరిగి చూసింది. మాకెరిటా గుంజ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పెదాలు కదల్లేదు. పిల్ల మళ్లీ ముందుకి తిరిగింది. కొబ్బరిచిప్పలకి అన్ని వాక్యాలు చెప్పిన పిల్లకి ఈ ఒక్క మాట రాలేదు.

"అది ఎవరూ నేర్పలేదు," అంది మెల్లగా.

కొత్తపిల్లలకి నోట మాట రాకపోతే మేస్టరమ్మ ఒక్కొక్క మాటే అందిస్తుంది. పిల్ల ఆ మాట తిరిగి అంటుంది. ఆ బళ్లో నేర్పే పద్ధతి అదే. ఊళ్లో పిల్లలందరికీ మొదటి మాట అలాగే అందించింది ఫువాతినో.

"నేను చెబుతా. నాతోపాటు అను," అంది. "నేను సియేనీని."

"నేను సియేనీని."

"మా అమ్మమ్మ ఇయానెటా."

"మా అమ్మమ్మ ఇయానెటా." పిల్ల గొంతులో ధైర్యం వచ్చింది. ఇది తనకి చేతనైన పనే.

"మా అమ్మ..."

"మా అమ్మ," అంది సియేనీ గట్టిగా, రోడ్డు దాకా వినబడేలా.

ఫువాతినో ఆగింది.

అరుగు మీద లోసివాలె మనవణ్ణి గిల్లటం మానేసింది. మాకెరిటా గుంజని వదిలి ఒక అడుగు ముందుకి వేసి, అక్కడే నిలిచిపోయింది.

సియేనీ నిటారుగా నిలబడి, చేతులు రెండూ కట్టుకుని, తర్వాతి మాట కోసం ఆమె నోటి వంకే చూస్తోంది.